సమీక్షలో లేని సంగతి

సంపాదకుల వారికి, నమస్కారం.

సెలవుల్లో పిల్లలు చదవదగినవంటూ గత ఆదివారం మీ అనుబంధం పరిచయం చేసిన జపాన్ బొమ్మల కథల్లో ‘రురౌనీ కెన్‌షిన్’కు మొదటి స్థానం దక్కింది. ఆ మాంగా గొప్పదనం గురించి మీ సమీక్షకుడితో నాకు పేచీ లేదు. మనవడి పుణ్యమా అని 28 సంపుటాలూ నేనూ చదివాను. పేచీ అంతా ఆయన రాయకుండా వదిలేసిన సంగతి గురించే.

1994 నుంచి 1999 వరకు ఒక వారపత్రికలో సాగిన ఈ కథలో కెన్‌షిన్ ఒకప్పుడు క్యోటో వీధుల్లో షోగున్ (అప్పటి సైనిక పాలకుడు) పక్షం వారిని రాత్రివేళ నరికిన హంతకుడు. అతని పక్షమే గెలిచి 1868లో మెయిజీ చక్రవర్తి ప్రభుత్వాన్ని నిలబెట్టింది కనుక అతణ్ణి బోనెక్కించేవారు ఎవరూ లేరు. తన శిక్ష తానే విధించుకుని, ఇక ఎవరినీ చంపనని ఒట్టు పెట్టుకుని, పదును ఉండవలసిన వైపు మొద్దుగా, మొద్దుగా ఉండవలసిన వైపు పదునుగా చేసిన కత్తితో పదేళ్లు దిమ్మరిగా తిరుగుతాడు. అతని ఎడమ చెంప మీద ఇంటూ గుర్తులా ఒక మచ్చ ఉంటుంది. అందులో ఒక గీత, పెళ్లి కుదిరిన ఒక యువకుడు అతని చేతిలో చస్తూ పెట్టింది. రెండోది ఆ యువకుణ్ణి చేసుకోవలసిన తొమోఎ పెట్టింది. ఆమే తర్వాత కెన్‌షిన్‌కు భార్య అయి, చివరికి అతని కత్తికే బలైంది. ఏళ్లు గడిచాక ఆమె తమ్ముడు ఎనిషి వచ్చి లెక్క అడుగుతాడు. కెన్‌షిన్ పదేళ్ల సంచారం ఎనిషి దృష్టిలో ప్రాయశ్చిత్తమే కాదు, కథ ముగిసేదాకా అతను క్షమించడు కూడా. నష్టపోయినవాడు ఎదురుగా నిలబడి అడిగేదాకా ప్రాయశ్చిత్తం సగమేనని చూపడంలోనే ఈ రచన బలమంతా ఉందని నా అభిప్రాయం.

మీ సమీక్షకుడు వదిలేసిన సంగతి ఇది. పిల్లలపై లైంగిక దోపిడీ దృశ్యాలున్న డీవీడీలు దగ్గర ఉంచుకున్నారని 2017 నవంబరులో ఈ రచయితపై కేసు నమోదైంది. 2018 ఫిబ్రవరిలో రెండు లక్షల యెన్‌ల జరిమానా పడింది. అప్పటికే ఆపివేసిన కొత్త భాగాన్ని ప్రచురణ సంస్థ ఆ జూన్‌లోనే తిరిగి మొదలుపెట్టింది. చట్టం విధించినది చెల్లించిన మనిషి మళ్లీ పని చేసుకోవడాన్ని నేను తప్పు పట్టడం లేదు, పుస్తకాన్ని నిషేధించమనీ అనడం లేదు. కానీ కథలో ఎనిషి వచ్చి అడిగాడు. ఆ డీవీడీల్లోని పిల్లల తరఫున అడిగినవారు ఎవరూ ఆ కొత్త భాగం వెలువడిన పత్రిక పుటల్లో కనిపించలేదు. రచయితను పేరుపెట్టి పొగుడుతూ, ‘పాపపరిహారానికి అద్దం’ వంటి మాటలు వాడుతూ, ఆ పిల్లల ప్రసక్తే లేకుండా పేజీ నింపితే మనమూ ఆ మౌనంలో భాగమవుతాం.

ఇది జపాన్‌కే చెందిన గొడవ అని సరిపెట్టుకోవడానికి లేదు. ఇటువంటి దృశ్యాలను దాచుకోవడం పోక్సో చట్టం 15వ సెక్షన్ కిందికి వస్తుందని మన సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో స్పష్టం చేసింది. వాటిని ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’ అని పిలవడం కూడా మానాలని న్యాయస్థానాలకు చెప్పింది. దిద్దుబాటు వేసేటప్పుడు మీరూ ఆ మాట వాడకుండా ఉంటే బాగుంటుంది.

పదేళ్ల పిల్లలకు సిఫార్సు చేసిన ఈ కథలో నెత్తురోడే దృశ్యాలున్నాయని, పదమూడో పద్నాలుగో దాటినవారికే తగినదని కూడా చెప్పవలసింది. ఈ రెండు సంగతులనూ వచ్చే ఆదివారం అదే పేజీలో, సమీక్ష వేసినంత పెద్ద అక్షరాల్లోనే ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం