పెదనాన్న హైబ్రిడ్ ఎక్కాడు

ఒరేయ్ సూరీ,

జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, కలిసినప్పుడు లెక్క తేల్చుకుందాం. ఇక్కడ అందరం బాగున్నాం, పాపకి జ్వరం తగ్గింది, అమ్మ మోకాళ్ళు మామూలే. ఇక అసలు సంగతి. నీకు చెప్పకపోతే అన్నం సహించేట్టు లేదు.

తమ్ముడు హైబ్రిడ్ కారు కొన్నాడు, పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉండే రకం. ఆదివారం పెదనాన్నని ఎక్కించుకుని గుంటూరు బయల్దేరాం. ఆటోనగర్‌లో జీవితమంతా లారీలు తిప్పిన మనిషి, తెలుసుగా. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఇంజను చప్పుడు ఆగింది, కారు మాత్రం మెల్లగా పాకుతోంది. "బండి ఆగిపోయిందిరా, పక్కకి తియ్యి!" అని ఒకటే కేక. నాకేమో నువ్వూ, పెట్రోలు అయిపోయిన మీ నాన్నగారి చేతక్ స్కూటర్‌ని పక్కకి వంచి ఊపడమూ గుర్తొచ్చి నవ్వాగలేదు.

తమ్ముడు పాఠం మొదలెట్టాడు. నెమ్మదిగా పోయేటప్పుడు మోటారు లాగుతుంది, బ్రేకు వేస్తే ఆ ఊపుని కరెంటుగా మార్చి బ్యాటరీలో దాస్తుంది, జపాన్‌లో 1997లోనే టయోటా ప్రియస్ కారు ఇలా వచ్చేసింది, వగైరా. పెదనాన్న అంతా విని, "ఛార్జింగ్ ఎక్కడ పెడతావు?" అన్నాడు.

"పెట్టక్కర్లేదు పెదనాన్నా, అదే దీని గొప్ప."

"మరి ఆ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందిరా?"

వాడు నోరు తెరిచి మూసేశాడు. ఎక్కణ్ణుంచేమిటి, ట్యాంకులోంచే! బ్రేకులో దొరికేదీ అంతకుముందు పెట్రోలు కాల్చి తెచ్చుకున్న వేగమే కదా. "అంటే చొక్కా జేబులో డబ్బు ప్యాంటు జేబులో వేసుకోవడం. ఇది పెట్రోలు బండే, కాస్త పొదుపరి" అని పెదనాన్న తేల్చేశాడు. నేనేమో ఇన్నాళ్ళూ హైబ్రిడ్ అంటే సగం ఎలక్ట్రిక్ అనేసుకునే జనాన్ని చూస్తున్నాను. ప్లగ్గు పెట్టే రకాలు వేరే ఉన్నాయనుకో, కానీ...

హైవే ఎక్కాక ఇంకో తమాషా. మామూలు బళ్ళకి ఊళ్ళో మైలేజీ పడిపోతుంది, దీనికి హైవే మీద పడిపోతోంది. ఒకే వేగంతో పోతుంటే బ్రేకు పడదు, ఇంజనే లాగాలి మరి.

కాజ టోల్ దగ్గర లారీల వరస చూపించి పెదనాన్న అసలు బాంబు వేశాడు. "మీరు కార్ల గురించి కొట్టుకోండి. తాగేది వీళ్ళురా." ఇంటికొచ్చి లెక్కలు చూశాను. మనం వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్ళకి పైగా బయటి నుంచే వస్తోంది. పెట్రోలియం వాడకంలో డీజిలు వాటా దాదాపు 40 శాతం, పెట్రోలు దాంట్లో సగం కూడా లేదు. ఆ పెట్రోల్లోనూ పెద్ద వాటా టూవీలర్లదే! రేపు కార్లన్నీ హైబ్రిడ్లైనా గల్ఫ్ నుంచి వచ్చే ఓడలు ఎన్ని తగ్గుతాయంటావు? పెట్రోల్లో ఇథనాల్ (చెరకు, ధాన్యం నుంచి తీసేది) 20 శాతం కలిపారు సరే, అది డీజిల్లో కాదుగా.

ఎలక్ట్రిక్ కారుకి జీఎస్టీ 5 శాతం, తనదానికి 40 అని తమ్ముడి ఏడుపు. పెట్రోలు తాగేదానికి పన్ను పడాల్సిందే అనిపిస్తుంది, మళ్ళీ మరీ అంత తేడానా అనీ అనిపిస్తుంది. ఎలక్ట్రిక్ అయినా మన కరెంటులో నూటికి డెబ్బై పాళ్ళు బొగ్గుదే అంటాడు వాడు. నిజమే. కానీ బొగ్గు సింగరేణిలో దొరుకుతుంది, గల్ఫ్ చమురు హోర్ముజ్ అనే ఇరుకు సముద్రదారి దాటి రావాలి. అక్కడ ఎవరో ఉరిమితే మన బంకులో క్యూ. ఇది చెప్పాక వాడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు, అది వేరే కథ.

ఇప్పుడు పెదనాన్న కొత్త పాట: ఎలక్ట్రిక్ లారీ ఎంతకొస్తుందో కనుక్కోమంటున్నాడు! బ్యాటరీ బరువుకి సరుకు ఎంత తగ్గించుకోవాలి, దార్లో ఎంతసేపు ఛార్జింగ్‌కి ఆగాలి, డ్రైవరు బేటా (రోజు భత్యం) ఎవడిస్తాడు అని నన్నే నిలదీస్తున్నాడు. నీకు తెలిసిన ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళెవరైనా ఉంటే

అయ్యో, పాప స్కూలు బస్సు హారన్. మిగతాది తర్వాత.

నీ వాసు