జనవరిలో పుట్టిన మా పెద్దబాపు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఈ పేజీలోనే ఒకాయన ఆన్‌లైన్ దరఖాస్తుల గురించి రాస్తూ, జనానికి ఫారం నింపడం కూడా రావట్లేదు, అందుకే ఇన్ని వెనక్కొస్తున్నాయని తేల్చేశారు. నేను 11 ఏళ్లుగా జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో అలాంటి ఫారాల వెనుక ఉండే కోడ్ రాస్తున్నాను, ఉండేది హనుమకొండలోనే. ఆ తప్పుల్లో మా ప్రోగ్రామర్ల వాటా తక్కువేం కాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

మా పెద్దబాపుది పరకాల దగ్గర ఊరు. పోయిన నెల ఒక దరఖాస్తు పెట్టాలంటే బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌కి తీసుకెళ్లాను. పుట్టిన తేదీ 12/08/1957 అని అక్కడి పిల్లాడు నా కళ్ల ముందే కొట్టాడు, ప్రివ్యూలో కూడా అదే వచ్చింది. సబ్మిట్ కొట్టి రసీదు తీస్తే 12/01/1957. నాలుగు రోజులకి, ఆధార్‌లో తేదీతో కలవడం లేదని దరఖాస్తు వెనక్కొచ్చింది. "నేనేమన్న తప్పు చెప్పిన్నా బిడ్డా?" అని పెద్దబాపు ఒకటే టెన్షన్. ఆ పిల్లాడేమో నవ్వుకుంటూ "గా సైట్ల అందరు జనవరిలనే పుడ్తరక్కా" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు, సిగ్గేసింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నేను చేసిన తప్పు అచ్చం ఇదే.

జావాలో తేదీలు చదివే సింపుల్‌డేట్‌ఫార్మాట్ అని పాతది ఒకటుంది. రోజు ఎక్కడ, నెల ఎక్కడ, సంవత్సరం ఎక్కడ అని దానికి ఇంగ్లిష్ అక్షరాల్లో చెప్పాలి. నెలకి పెద్ద ఎమ్‌లు రెండు పెట్టాలి. పొరపాటున చిన్న ఎమ్‌లు పెట్టామా, అవి నిమిషాలు! అప్పుడు 08 అంటే ఆగస్టు కాదు, 8 నిమిషాలు. నెల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది జనవరి అనేసుకుంటుంది. అంటే మా పెద్దబాపు 1957 జనవరి 12న అర్ధరాత్రి దాటిన 8 నిమిషాలకు పుట్టాడన్నమాట, ముహూర్తంతో సహా. ఎర్రర్ అంటూ ఏదీ రాదు. ప్రివ్యూ పేజీ అదే తప్పు ఫార్మాట్‌తో తిరిగి చూపిస్తుంది కాబట్టి ఆ 8 నిమిషాలు మళ్లీ 08 అయి తెర మీదికొస్తాయి, చూసేవాళ్లకి అంతా బాగున్నట్టే ఉంటుంది. డేటాబేస్‌లో తేదీ కాలమ్ నిమిషాలు దాచుకోదు, ఆ 8 అక్కడ పోతుంది, రసీదు తీసే కోడ్ సరిగ్గా ఉంటే నిజాయతీగా జనవరి అని అచ్చేస్తుంది. తేదీల మీద కఠినంగా ఉండమని చెప్పే సెటింగ్ ఒకటుంది కానీ, అది పెట్టినా దొరకదు, 8 అనేది సరైన నిమిషమే కదా. మరి టెస్టింగ్‌లో దొరకదా అంటారేమో. మేం టెస్టింగ్‌లో పుట్టిన తేదీ గడిలో ఎప్పుడూ 01/01/1990 కొడతాం, చేతి అలవాటు, నెల జనవరే కాబట్టి తప్పు బయటపడదు. 2014లో వచ్చిన జావా 8లో తేదీలు చదివే కొత్త పద్ధతి లోకల్‌డేట్‌కి ఇదే తప్పు ఫార్మాట్ ఇస్తే నెల ఏదని అక్కడే మొరాయిస్తుంది. కానీ పాత కోడ్‌ని ఎవరూ ముట్టుకోరు, పనిచేస్తోంది కదా అని.

మీరు తెర మీద నింపేవన్నీ సర్వర్‌కి ఉట్టి అక్షరాలుగానే వస్తాయి. వాటిని తేదీగా, అంకెగా, జిల్లాగా మార్చి జావా ఆబ్జెక్టులో, అంటే ఒక దరఖాస్తు వివరాలన్నీ ఒకచోట ఉంచే డబ్బాలో, సర్దే పనిని డేటా బైండింగ్ అంటాం. జావాతో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే స్ప్రింగ్‌లో అయితే కంట్రోలర్‌లో, అంటే ఫారాన్ని అందుకునే కోడ్‌లో, మేం రాసిన మొదటి లైను నడిచేలోపే ఈ పని అయిపోతుంది, అందుకే అక్కడ తప్పు జరిగితే కొత్తవాళ్లకి అంతుపట్టదు.

ఆదాయం గడి చూడండి. మనవాళ్లు 1,20,000 అని కామాలతో రాస్తారు, బడిలో నేర్పిందే అది. వెనక ఇంటిజర్ (ఉట్టి అంకెలే ఉండే పూర్ణాంకం) పెట్టుకున్న ప్రోగ్రాం ఆ కామా చూసి బోర్లా పడుతుంది. స్ప్రింగ్ ఆ సంగతిని బైండింగ్‌రిజల్ట్ అనేదాంట్లో పెట్టి మాకు అందిస్తుంది, అయితే ఒక షరతు, కంట్రోలర్ మెథడ్‌లో ఫారం ఆబ్జెక్టు పక్కనే, మధ్యలో ఇంకేదీ లేకుండా, దాన్ని రాయాలి. మా టీమ్‌లో నర్సంపేట పిల్లాడు ఒకడు ఆ రెండిటి మధ్య మోడల్‌ని (పేజీకి పంపే సమాచారం ఉంచేది) దూర్చి రెండు రోజులు తల పట్టుకున్నాడు, ఎందుకంటే సరైన అంకెలిస్తే బ్రహ్మాండంగా పనిచేస్తోంది, కామా పడితేనే 400 అని, అంటే మీరు పంపింది తప్పు అని, తెల్ల పేజీ వస్తోంది. వరస మార్చాక ఎర్రర్ గడి కిందికి వచ్చింది కానీ అది స్ట్రింగ్‌ని (అక్షరాల వరసని) ఇంటిజర్‌గా మార్చలేకపోయామని ఇంగ్లిష్‌లో మూడు లైన్ల పురాణం! ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి బస్తాలు తెచ్చే రైతు దాన్ని చదివి ఏం చేయాలి? మెసేజ్ ఫైల్లో టైప్‌మిస్‌మ్యాచ్ అనే కీ కింద తెలుగులో ఒక్క వాక్యం రాయొచ్చు. అసలు బైండింగ్‌కి ముందు నడిచే ఇనిట్‌బైండర్‌లో నాలుగు లైన్లు రాసి ఆ కామాల్ని మేమే తీసేసుకుంటే ఆ రైతుకి ఏదీ చెప్పక్కర్లేదు.

తెలుగులో పేరు కొడితే అర్థంకాని పిచ్చి గుర్తులు వచ్చే జబ్బు వేరు, అక్షరాల్ని ఎలా చదవాలో సర్వర్‌కి చెప్పే ఎన్‌కోడింగ్ ఫిల్టర్‌ని మిగతావాటికంటే ముందు పెట్టడం దానికి చాలాసార్లు మందు.

జిల్లా గడి మన దగ్గర ఇంకో తలనొప్పి. 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, 2019లో ములుగు వచ్చింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. జనం అలవాటు పడ్డారు. కోడ్‌లో జిల్లాల్ని ఈనమ్‌గా (ముందే రాసిపెట్టుకున్న పేర్ల జాబితాగా) రాసుకుంటే మాత్రం తెర మీది లిస్టు పంపే విలువ, కోడ్‌లోని పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఒకరు లిస్టులో విలువ మార్చి ఈనమ్ మర్చిపోతే మీరు హనుమకొండ అని ఎంచుకుంటారు, సబ్మిట్ కొట్టగానే అది చెల్లదంటూ ఫారం వెనక్కొస్తుంది. పదిసార్లు ఎంచుకున్నా అంతే.

అన్నిటికంటే నాకు భయం వేసేది ఇంకొకటి. మూడు నాలుగు పేజీల ఫారాల్లో సగం నింపిన ఆబ్జెక్టుని సెషన్‌లో, అంటే ఆ లాగిన్ కోసం సర్వర్ గుర్తుంచుకునే చోట, పెడతాం. నెట్ సెంటర్‌లో లైను పెద్దగా ఉంటే ఆపరేటర్ ఒకే లాగిన్‌లో రెండు ట్యాబ్‌లు తెరుస్తాడు, పాపం పని తొందర. రెండో ట్యాబ్ తెరవగానే మొదటి ఆబ్జెక్టు స్థానంలో కొత్తది కూర్చుంటుంది, ఆ తర్వాత మొదటి ట్యాబ్‌లో సబ్మిట్ కొడితే ఒకరి పేరు మీద ఇంకొకరి బ్యాంకు ఖాతా పడొచ్చు. ఇక్కడా ఎర్రర్ ఉండదు. ప్రతి దరఖాస్తుకీ వేరే నంబర్ ఇచ్చి దాని కింద దాచుకుంటే తీరిపోయే పని ఇది.

ఈ పనిలో ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చెప్పేది, కోడ్ తిరగేసే ముందు ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో బ్రౌజర్ నిజంగా ఏం పంపిందో చూడండి, తర్వాత బైండింగ్‌రిజల్ట్‌లోని ఎర్రర్లన్నీ లాగ్‌లో (సర్వర్‌లో జరిగిందంతా టైమ్‌తో సహా నమోదయ్యే ఫైల్లో) అచ్చేయించండి, ఆ తర్వాత డేటాబేస్‌లో ఏం పడిందో చూడండి. టెస్టింగ్‌కి మీ ఇంట్లో పెద్దవాళ్ల అసలు తేదీలు వాడండి, కనీసం 12 దాటిన రోజూ, జనవరి కాని నెలా ఉండేట్టు.

దరఖాస్తు పెట్టేవాళ్లు సబ్మిట్ కొట్టే ముందూ, రసీదు వచ్చాకా తెరని ఫోన్‌తో ఫోటో తీసుకోండి, టైమ్ కూడా పడేలా. "మీరే తప్పు కొట్టారు" అని ఎవరన్నా అంటే ఆ ఫోటో చూపించండి. ఆ నిమిషం తెలిస్తే లాగ్‌లో వెతికి పట్టుకోవడం మాకు కష్టం కాదు. మా పెద్దబాపు దరఖాస్తు మూడోసారి పెట్టాం, ఈసారి ప్రివ్యూ ఫోటో కూడా జత చేశాం.

ఇట్లు,
ఒక జావా ప్రోగ్రామర్,
హనుమకొండ.