వనభోజనాలు జూన్‌కి మారాయి: మన సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2025లో మన బెర్లిన్ సంఘం చేసిన పనులను కార్యవర్గం తరఫున మీ ముందు పెడుతున్నాను. ఉగాది మార్చి 30న, ఆదివారం నాడే రావడంతో హాలు నిండిపోయింది. బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరుపుకున్నాం. ఖాతాలను కార్యవర్గంలో లేని ఇద్దరు సభ్యులు తనిఖీ చేసి సంతకాలు పెట్టారు, సర్వసభ్య సమావేశంలో ఎవరైనా చూడవచ్చు. పండగల ఫొటోలు మీ అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను. ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టింది ఊరి శివార్లలో టెంట్లు వేసుకుని ఉండటం. అందులో నేర్చుకున్నవీ, భయపడినవీ ఉన్నాయి. వచ్చే ఏడాది మీరు ఓటు వేయాల్సిన విషయం కూడా ఒకటి ఉంది. అందుకే ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

మనకు వనభోజనాలంటే కార్తీకమాసం. ఇక్కడ కార్తీకమాసం అంటే చలి, చీకటి. ఈసారి కార్తీక పౌర్ణమి నవంబరు 5న వచ్చింది, ఆ రోజు బెర్లిన్‌లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకింది. కొన్నేళ్లుగా హాల్లో బల్లల మీద అరటాకుల బదులు కాగితం పళ్ళేలు పరిచి, దానికే వనభోజనం అని పేరు పెట్టుకుంటున్నాం. వనం లేని వనభోజనం ఎందుకు, ఇక్కడ వనం పచ్చగా ఉండే జూన్‌లోనే వెళ్దాం అని గత సమావేశంలో ఒక అక్క అడిగారు. మాసం మార్చడం బాగుండదని కొందరు పెద్దవాళ్ళు అన్నారు. చివరికి కార్తీకంలో దీపాలు హాల్లో పెట్టుకుని, భోజనాలు మాత్రం జూన్‌లో చేద్దామని ఒప్పుకున్నాం.

క్లాడోలో మొదటి శిబిరం

జూన్ 7, 8, 9 తేదీల్లో పెంతెకొస్తు సెలవులు. సోమవారం కూడా సెలవే కనుక రెండు రాత్రులు దొరికాయి. ఊరికి పడమటి చివర ఉన్న క్లాడో వైపు వెళ్ళాం. వాన్‌జే స్టేషన్‌లో దిగి ఎఫ్10 ఫెర్రీ ఎక్కితే హాఫెల్ నది మీదుగా ఇరవై నిమిషాల్లో అవతలి ఒడ్డు. దీనికి వేరే టికెట్ అక్కర్లేదు, సిటీ బస్సు టికెట్టే చాలు. నెల పాస్ ఉన్నవాళ్ళకు అదీ అక్కర్లేదు. రాజమండ్రి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక అమ్మగారు పడవ దిగేదాకా రెయిలింగ్ దగ్గరే నిలబడ్డారు. ఆర్నెల్ల నుంచి ఫ్లాట్‌లో కిటికీ తప్ప ఏమీ చూడలేదమ్మా అని నాతో అన్నారు. ఆ మాట విన్నాక, ఈ శిబిరాలు ముందు ఇలాంటి పెద్దవాళ్ళ కోసం పెట్టాలని నాకు అనిపించింది.

ఆ నీళ్ళకు ఒక కథ ఉంది, పిల్లలకు పడవలోనే చెప్పాం. 1948లో సోవియట్ సైన్యం పశ్చిమ బెర్లిన్‌కు రోడ్లు, రైళ్ళు మూసేసినప్పుడు తిండి, బొగ్గు అన్నీ విమానాల్లోనే వచ్చాయి. మామూలు విమానాల్లో ఉప్పు తెస్తే లోహం తుప్పు పడుతుంది. అందుకని సముద్రపు నీళ్ళకు తట్టుకునేలా కట్టిన బ్రిటిష్ సముద్ర విమానాల్లో ఉప్పు నింపి, వాటిని ఈ హాఫెల్ మీదే దించేవారు. చలికాలంలో నీళ్ళు గడ్డకట్టే దాకా అలా నడిచింది. మధ్యాహ్నం పప్పులో ఉప్పు వేస్తుంటే ఒక చిన్నపాప, ఇది కూడా విమానంలో వచ్చిందా అని అడిగింది.

రెండో రోజు ఉదయం గ్రోస్ గ్లీనిక సరస్సు దాకా నడిచాం. బెర్లిన్ గోడ ఉన్న రోజుల్లో, 1961 నుంచి 1989 వరకు, సరిహద్దు ఈ సరస్సు నడిమధ్యగా పోయేది. పశ్చిమ బెర్లిన్ వైపు వాళ్ళు ఈత కొట్టేవారు. తూర్పు జర్మనీ వైపు గ్రామస్థులకు మాత్రం ఇంటి ముందున్న నీళ్ళ దగ్గరికి వెళ్ళే దారే లేదు. ఇప్పుడు గోడ ఉన్న చోట నగరం చుట్టూ సుమారు 160 కిలోమీటర్ల కాలిబాట ఉంది. మేము నడిచింది అందులో చిన్న ముక్క.

భోజనాలు లిండెన్ చెట్ల కింద. ఉసిరి చెట్టు ఇక్కడ ఎక్కడా లేదు కాబట్టి ఇద్దరు ముగ్గురు ఇంటి నుంచి ఉసిరికాయ పచ్చడి తెచ్చారు, ముందు దాన్నే వడ్డించాం. పులిహోర, ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, పెరుగన్నం. లిండెన్ పూత మొదలయ్యే రోజులు అవి. తేనె లాంటి ఆ వాసనలో అన్నం తినడం నాకైతే ఇక్కడికి వచ్చిన ఇన్నేళ్ళలో మొదటిసారి.

కరెంటు, నిశ్శబ్దం, నిప్పు

మొదటి రాత్రి జరిగిన పొరపాటు మనదే కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను. టెంట్ దగ్గర ఇచ్చే కరెంటు చాలాచోట్ల 6 ఆంపియర్లే. 230 వోల్టులతో లెక్క వేస్తే 1,380 వాట్లు. అన్నం కుక్కర్ ఒక్కటే 700 వాట్ల దాకా తీసుకుంటుంది. దాని పక్కనే 2,000 వాట్ల కెటిల్ పెట్టారు. ఫ్యూజ్ పోయి మన వరసతో పాటు పక్కవాళ్ళ దీపాలు కూడా ఆరిపోయాయి. అందులో నెలల పిల్లాడితో వచ్చిన ఒక జర్మన్ కుటుంబం ఉంది. మర్నాడు ఉదయం వెళ్ళి క్షమాపణ చెప్పి, పిల్లాడి తల్లికి పూర్ణాలు ఇచ్చి వచ్చాం. ఇకమీదట కుక్కర్ ఒక్కటే కరెంటుకు, నీళ్ళు కాచడం గ్యాస్ పొయ్యి మీద. నీలం రంగు మూడు పిన్నుల క్యాంపింగ్ ప్లగ్ అడాప్టర్లు సంఘం రెండు కొన్నది, ఎవరూ విడిగా కొనక్కర్లేదు.

నిశ్శబ్దం విషయం ఇంతకంటే కష్టం. రాత్రి పదింటి నుంచి నాఖ్ట్‌రూహ, చాలాచోట్ల మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా మిట్టాగ్స్‌రూహ. ఆ వేళల్లో గట్టిగా మాట్లాడకూడదు, కారు కదపకూడదు. జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురే. పిల్లలకు నిద్ర రాదు, పెద్దవాళ్ళకు కబుర్లు ఆగవు. ప్లాట్స్‌వార్ట్, అంటే శిబిరం చూసుకునే ఆయన, రెండుసార్లు వచ్చి మర్యాదగానే చెప్పి వెళ్ళారు. మూడోసారి రాకుండా చూసుకోవాల్సింది మనమే. పగలంతా కష్టపడి ఆ చెట్ల కిందికి నిద్ర కోసం వచ్చినవాళ్ళకు మన కబుర్లు కబుర్లుగా వినపడవు.

నిప్పు గురించి మాత్రం రాజీ లేదు. బ్రాండెన్‌బుర్గ్ అంతా ఇసుక నేల, పైన్ అడవి. వారం రోజులు వాన లేకపోతే నేలంతా ఎండు ఆకులే. అక్కడి అధికారులు అడవి మంటల ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా అంచనా కట్టి రోజూ ప్రకటిస్తారు. జులై మొదట్లో సాక్సనీ సరిహద్దున గోరిష్‌హైడ అడవి రోజుల తరబడి తగలబడింది, పాత సైనిక శిక్షణ స్థలం కావడంతో భూమిలో పేలని మందుగుండు ఉండి ఆర్పేవాళ్ళు లోపలికి వెళ్ళలేకపోయారు. అడవిలో గానీ అడవి అంచున గానీ చలిమంట, బొగ్గుల పొయ్యి, సిగరెట్ ఏదీ వద్దు. క్యాంప్‌ఫైర్ లేకపోతే క్యాంపింగ్ ఏముంది అని అడిగిన కుర్రాళ్ళకు నేను ఇచ్చిన సమాధానం ఇదే.

జులైలో క్రోసిన్ సరస్సు దగ్గర

రెండో శిబిరం బడి సెలవులు మొదలైన జులై 24 తర్వాతి శని, ఆదివారాల్లో, ఊరికి ఆగ్నేయ చివర ష్మోక్‌విట్స్ అవతల. గ్రూనౌ స్టేషన్ నుంచి 68వ నంబరు ట్రామ్ చెట్ల మధ్యగా, డామె నది పక్కనే పోతుంది. ఆ ప్రయాణం కోసమైనా ఒకసారి వెళ్ళండి.

వాన మాత్రం విడవలేదు. మొదటి రాత్రే రెండు టెంట్లలోకి నీళ్ళు వచ్చాయి. తప్పు టెంట్లది కాదు, చదునుగా మెత్తగా ఉందని మేము పల్లపు చోటు ఎంచుకున్నాం. పక్క కారవాన్‌లో వేసవంతా ఉండే ఒక పెద్దావిడ, తూర్పు జర్మనీ కాలం నుంచి అదే చోటికి వస్తున్నారట, రెయిన్‌కోట్ వేసుకుని టార్చ్‌తో వచ్చి టెంట్లు గట్టు మీదికి మార్పించారు. నైలాన్ తడిస్తే సాగుతుందని, అర్ధరాత్రి ఒకసారి లేచి తాళ్ళు బిగించాలని చేసి చూపించారు. మా స్టూడెంట్ కుర్రాళ్ళు ముగ్గురు ఆమె కారవాన్ ముందు పందిరి కిందే తెల్లవార్లూ కూర్చున్నారు. ఏడాదిగా జర్మన్ నేర్చుకుంటున్నా క్లాసు బయట ఒక జర్మన్ మనిషితో అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి అని వాళ్ళలో ఒకడు నాకు తర్వాత మెసేజ్ పెట్టాడు.

ఇక ఈత. ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి వణుకుతోంది. ఆదివారం ఉదయం ఏడేళ్ళ పిల్లాడొకడు మోకాలి లోతులో ఆడుతూ రెండడుగులు ముందుకు వేశాడు, నేల ఒక్కసారిగా దిగిపోయింది. ఒడ్డున ఎనిమిది మంది పెద్దవాళ్ళం ఉన్నాం, ఈత వచ్చినవాళ్ళం ఇద్దరమే. అందులో ఒకరు దూకి పట్టుకున్నారు. పిల్లాడికి ఏమీ కాలేదు. వాడి దగ్గర జేప్‌ఫెర్డ్‌షెన్ బ్యాడ్జ్ ఉంది, అందుకే వాళ్ళ అమ్మానాన్న టెన్షన్ పడలేదు. ఆ బ్యాడ్జ్ 25 మీటర్లు ఈదితే ఇస్తారు, అదీ స్విమ్మింగ్ పూల్‌లో. పిల్లలకు ఈత వచ్చని ఇక్కడి ప్రాణరక్షక సంఘాలు ఒప్పుకునేది బ్రాంజ్ బ్యాడ్జ్ తర్వాతే. దానికి 15 నిమిషాలు ఆగకుండా, కనీసం 200 మీటర్లు ఈదాలి. అందుకని కార్యవర్గం రెండు నియమాలు పెట్టింది. లైఫ్‌గార్డ్ ఉన్న ఒడ్డునే నీళ్ళలో దిగాలి. ఈత వచ్చిన ఒక పెద్ద మనిషి నీళ్ళలోనే నిలబడాలి, ఫోన్ లేకుండా. పెద్దవాళ్ళకు చలికాలంలో ఈత క్లాసులు పెట్టించడానికి బోధకుల కోసం వెతుకుతున్నాం. సిగ్గుపడకుండా పేర్లు ఇవ్వండి.

కొన్ని సరస్సుల ఒడ్డున బట్టల్లేకుండా స్నానం చేసేవాళ్ళు ఉంటారు. వందేళ్ళకు పైబడిన అలవాటు ఇది, ఇందులో వాళ్ళకు వేరే ఉద్దేశం ఏమీ ఉండదు. ముందే చెప్పకపోవడం వల్ల ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు ఇబ్బంది పడ్డారు. ఇకమీదట చోటు ఎంచేటప్పుడే చూసి చెబుతాం. గడ్డిలో తిరిగొచ్చాక పిల్లల మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టులో పిడుదులు ఉన్నాయేమో చూడండి. పిడుదు వల్ల వచ్చే మెదడువాపు ప్రమాదం ఉన్న ప్రాంతాల జాబితాలో బెర్లిన్ లేదు గానీ లైమ్ వ్యాధి ఇక్కడా ఉంది. కుట్టిన చోట ఎర్రటి వలయం పెరుగుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

మీరు ఓటు వేయాల్సింది

హాల్లో పండగ చేస్తే వస్తాం, తింటాం, పార్కింగ్ టైం అయిపోతుందని వెళ్ళిపోతాం. మూడేళ్ళుగా పలకరించుకుంటున్న ఒకతని ఉద్యోగం పోయిందని నాకు తెలిసింది టెంట్ బయట కూర్చున్నప్పుడే. అతనికి ఇంకో సభ్యుడి ద్వారా ఇంటర్వ్యూ వచ్చింది కూడా ఆ రాత్రి మాటల్లోంచే. అందుకే దీపావళికి రెండో హాలు అద్దెకు తీసుకోవడం మానేసి, ఆ డబ్బుతో నాలుగు పెద్ద టెంట్లు, మ్యాట్లు కొందామని, విద్యార్థులకు శిబిరం రుసుము తీసేద్దామని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. హాలు తగ్గిస్తే పిల్లల డాన్సులకు చోటు సరిపోదని కొందరు తల్లులు అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది, సమావేశంలో చర్చించాకే నిర్ణయం. నేను మాత్రం టెంట్ల వైపే ఓటు వేస్తాను.

2026లో మొదటి శిబిరం మళ్ళీ పెంతెకొస్తుకే, మే 23 నుంచి 25 దాకా. రెండోది ఆగస్టు 12, బుధవారం, వెస్ట్‌హాఫెల్‌లాండ్‌లో. బెర్లిన్‌కి పడమరగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ప్రాంతాన్ని 2014లో చీకటి ఆకాశం కాపాడే చోటుగా గుర్తించారు, జర్మనీలో అదే మొదటిది. ఆ రాత్రి ఉల్కలు ఎక్కువగా రాలే రాత్రి, పైగా అమావాస్య. అదే సాయంత్రం సూర్యగ్రహణం కూడా ఉంది. స్పెయిన్‌లో సంపూర్ణంగా, ఇక్కడ పాక్షికంగా కనిపిస్తుంది. గ్రహణం పట్టే ముందే వంట, భోజనాలు ముగించాలని పెద్దవాళ్ళు అడిగారు, అలాగే ఏర్పాటు చేస్తున్నాం. విడుపు స్నానం చేయాలనుకునేవాళ్ళు ముందుగా చెబితే షవర్లు దగ్గరగా ఉండే చోట టెంట్ వేయిస్తాం. గ్రహణం చూసే కళ్ళద్దాలు సంఘమే కొంటుంది, ఎంతమందికి కావాలో మే నెలలోపు చెప్పండి.

కార్యదర్శి