కారన్‌వాలీస్ నిద్రపోయిన రాత్రి

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. "అమెరికా వాళ్ళ యుద్ధాలంటే విమానాలూ బాంబులే కదా, అందులో కథేముంది" అంటావా! మేముండే ఎడిసన్ నుంచి ట్రెంటన్‌కు కారులో గంట కూడా పట్టదు. అక్కడ జరిగిన కథలో విమానాల మాట అటుంచు, చాలామందికి కాళ్ళకు సరైన జోళ్ళే లేవు. తీరిగ్గా కూర్చుని చదువు, పొడుగ్గా రాయబోతున్నాను.

1776 అనగానే అందరికీ జులై 4 గుర్తొస్తుంది, బ్రిటన్ పాలన వద్దని అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రోజు. ఆ తర్వాత ఆర్నెల్లు ఏం జరిగిందంటే, అమెరికన్లు బ్రిటిష్ సైన్యం చేతిలో తన్నులు తిన్నారు, అంతే. ఆగస్టులో లాంగ్ ఐలాండ్‌లో ఓడారు. నవంబరు 16న ఫోర్ట్ వాషింగ్టన్ అనే కోట పోయింది, ఒక్కరోజులో 2,800 మంది దాకా ఖైదీలయ్యారు. అమెరికన్ల సేనాపతి జార్జ్ వాషింగ్టన్ మిగిలినవాళ్ళను వెంటేసుకుని న్యూజెర్సీ అడ్డంగా వెనక్కి నడిచి, డిసెంబరు మొదట్లో డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలో పడ్డాడు. దాటేటప్పుడు ఒక పని మాత్రం బాగా చేశాడు. ఆ చుట్టుపక్కల దొరికిన పడవలన్నీ తన ఒడ్డుకు లాగించేశాడు. వెనకే తరుముకుంటూ వచ్చిన బ్రిటిష్ సేనాని కారన్‌వాలీస్. అవున్రా, శాశ్వత శిస్తు విధానం అని బట్టీ పట్టామే, ఆ కారన్‌వాలీసే! నది దాకా వచ్చి చూసుకుంటే పడవ లేదు.

ఈ మధ్యలో ఇంకో విడ్డూరం. వాషింగ్టన్ తర్వాత అంతటివాడు చార్లెస్ లీ. తనంత మొనగాడు లేడని ఆయనకు గట్టి నమ్మకం. సొంత దళానికి దూరంగా ఓ పూటకూళ్ళ ఇంట్లో బసచేసి, డిసెంబరు 13న ఇంటి బట్టల్లో ఉండగానే బ్రిటిష్ గుర్రపు దళానికి దొరికిపోయాడు. వాషింగ్టన్‌కు అదీ ఒకందుకు మంచిదే అయిందని నాకనిపిస్తుంది, పక్కలో బల్లెం తగ్గింది.

అసలు చిక్కు ఏమిటంటే, సిపాయిల్లో చాలామందికి డిసెంబరు 31తో గడువు తీరిపోతుంది. కొత్త సంవత్సరం నాటికి సైన్యమే ఉండదు. ఏదైనా చేస్తే ఈలోపే చెయ్యాలి. అందుకని క్రిస్మస్ రాత్రి 2,400 మందితో, 18 ఫిరంగులతో మళ్ళీ నది దాటాడు. ఇనుము మోసే డర్హమ్ పడవలు దొరికాయి. వాటిని నడిపిన వాళ్ళలో ముఖ్యులు మార్బుల్‌హెడ్ అనే రేవు ఊరి జాలర్లు, వాళ్ళ నాయకుడు జాన్ గ్లోవర్. ఒడ్డున నిలబడి కేకలేస్తూ అజమాయిషీ చేసింది హెన్రీ నాక్స్. ఆయన బాస్టన్‌లో పుస్తకాల కొట్టు నడిపినవాడు, ఆ గాలివానలోనూ అవతలి ఒడ్డుకు వినపడే గొంతట. నదిలో మంచుగడ్డలు, పైన వడగళ్ళు. మూడుచోట్ల దాటాలని పథకం. మిగతా రెండు దళాలూ దాటలేకపోయాయి. ఆ సంగతి ఈయనకు తెలియదు!

న్యూయార్క్ మ్యూజియంలో దీని మీద పెద్ద పటం ఉంది, వాషింగ్టన్ పడవలో నిటారుగా నిలబడి ఉంటాడు, పక్కన జెండా. ఆ నక్షత్రాల జెండా ఖరారైంది 1777లో. చిత్రకారుడు గీసింది 1851లో, జర్మనీలో కూర్చుని. పోనీలే, పటం మాత్రం గొప్పగానే ఉంటుంది.

అర్ధరాత్రికే దాటాల్సింది తెల్లవారుజాము దాకా పట్టింది. తొమ్మిది మైళ్ళు నడక. దారిలో ఇద్దరు చలికి చనిపోయారు. తుపాకీ మందు తడిసిపోయిందని కబురొస్తే, బాయొనెట్లతోనే, అంటే తుపాకీ మొనకు తగిలించే కత్తులతోనే, పొమ్మన్నాడు. పొద్దున ఎనిమిదింటికి ట్రెంటన్ మీద పడ్డారు. అక్కడున్నది హెస్సియన్లు, బ్రిటన్ అద్దెకు తెచ్చుకున్న జర్మన్ సిపాయిలు. క్రిస్మస్ తాగుడు మత్తులో ఉన్నారని అందరూ చెప్తారు గానీ అది కట్టుకథ. రోజుల తరబడి స్థానికులు దొంగదెబ్బలు తీస్తుంటే నిద్రలేక అలిసిపోయి ఉన్నారు పాపం. వాళ్ళ కర్నల్ రాల్ గుళ్ళు తగిలి చనిపోయాడు, 900 మంది దాకా లొంగిపోయారు. ఇవతలివైపు భుజానికి గుండు తగిలిన కుర్రాడొకడు తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు, జేమ్స్ మన్రో.

ఏటా క్రిస్మస్‌కి ఇక్కడ వేషాలు కట్టి నది దాటేది ఇంతవరకే. నాకు మాత్రం ఆ తర్వాత వారం రోజులే ఇష్టం.

గడువు తీరేముందు వాషింగ్టన్ ఒక దళాన్ని నిలబెట్టి, ఇంకో ఆరు వారాలుండండి, పది డాలర్లు అదనంగా ఇప్పిస్తానన్నాడు. ఉండేవాళ్ళు ముందుకు రావాలని డోలు మోగించారు. ఒక్కడూ కదల్లేదు. గుర్రం తిప్పుకుని పోయినవాడు మళ్ళీ వచ్చి, మీరు చెయ్యాల్సిందంతా చేశారు, అయినా అడుగుతున్నానని బతిమాలాడు. అక్కడున్న సార్జెంటొకడు తర్వాత రాసుకున్నాడు: పక్కవాడి మొహం పక్కవాడు చూసుకుని, నువ్వుంటే నేనుంటానంటూ ఒక్కొక్కరే ముందుకొచ్చారట. గ్లోవర్ మనుషులు మాత్రం చాలామంది వెళ్ళిపోయారు. శత్రువుల ఓడల్ని పట్టుకుంటే సముద్రం మీద డబ్బుంది మరి. వాళ్ళను తప్పుపట్టలేను.

జనవరి 2న కారన్‌వాలీస్ పెద్ద సేనతో మళ్ళీ ట్రెంటన్ వచ్చాడు. మధ్యలో అసన్‌పింక్ అనే చిన్న వాగు, వాగుకు ఇవతల వాషింగ్టన్, వీళ్ళ వెనక డెలావేర్. ఎటూ పోయే దారిలేదు, పొద్దున్నే పట్టుకుందామని కారన్‌వాలీస్ పడుకున్నాడు. ఆ రాత్రి చలి ముదిరి బురద దారులు గట్టిపడ్డాయి. నెగళ్ళు మండుతూ ఉండేలా కొన్ని వందలమందిని అక్కడే ఉంచి, మట్టి తవ్వుతున్న చప్పుడు చెయ్యమని, ఫిరంగి చక్రాలకు గుడ్డలు చుట్టి, సైన్యం మొత్తం పక్కదారిన జారుకుంది. తెల్లారేసరికి వెనకవైపు ప్రిన్స్‌టన్ నుంచి ఫిరంగుల మోత! అక్కడా వాషింగ్టనే గెలిచాడు. ఆ మనిషి గెలిచిన యుద్ధాలకన్నా ఓడినవే ఎక్కువేమో, కానీ చేతికి చిక్కకుండా పోవడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఇక నీకు కావలసిన ముక్క. ఈ కారన్‌వాలీస్ 1781లో యార్క్‌టౌన్‌లో లొంగిపోయాడు, ఒంట్లో బాగాలేదని కత్తి అప్పగించడానికి కింది అధికారిని పంపాడు. అంత ఓడిపోయినవాణ్ణి అయిదేళ్ళకు గవర్నర్ జనరల్‌గా మన నెత్తిన పెట్టారు. 1792లో టిప్పును లొంగదీసి, ఆ ఒడంబడికలో కడప, గండికోట నిజాం వాటాకు పడేశాడు. అవే 1800లో కంపెనీ చేతికొచ్చి దత్తమండలాలయ్యాయి. ఇక్కడ వాగు దగ్గర వేట తప్పిన వేటగాడు మీ ఊరి మీద అలా తేలాడన్నమాట.

మీ లైబ్రరీలో కడప జిల్లా పాత గెజిటీర్ ఉండాలి. టిప్పు మనుషులు గండికోట ఖాళీ చేసిన తీరు గురించి అందులో ఏమైనా ఉందేమో చూసి రాయి. అమ్మకు నమస్కారాలు చెప్పు. ఈసారి ఉత్తరం ఇన్‌లాండ్ కాగితమంత రాస్తే ఊరుకోను.

నీ
శీను