బిగించినవాళ్లే రిమోట్లు కలిపి వెళ్లాలి

సంపాదకుల వారికి నమస్కారం.

అనంతపురం పాతూరులో నాకు చిన్న టీవీ రిపేరు షాపు ఉంది. పిక్చర్ ట్యూబ్ టీవీల కాలం నుంచి ఇదే నా పని. ఈమధ్య నాకు వస్తున్న ఫోన్లలో చాలావాటికి స్క్రూడ్రైవర్ తీయాల్సిన అవసరమే ఉండడం లేదు. టీవీ బాగుంటుంది, సెట్‌టాప్ బాక్స్ బాగుంటుంది, సౌండ్‌బార్ బాగుంటుంది. ఏ రిమోట్ ఎప్పుడు నొక్కాలో తెలియక ఇంట్లో బొమ్మ రాదు. పెద్దవాళ్లయితే అదంతా తమ చేతకానితనమే అనుకుని సిగ్గుపడుతున్నారు. ఆ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. సామాను అమ్మినవాళ్లు, బిగించినవాళ్లు చేయాల్సిన పని సగంలో వదిలేసి పోవడం వల్లే ఇదంతా జరుగుతోంది. ఆ సంగతి మీ పత్రిక ద్వారా నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా షాపుకు రెండు వీధుల అవతల ఒక అవ్వ ఒంటరిగా ఉంటుంది. కొడుకుకు బెంగళూరులో ఉద్యోగం. అమ్మకు కాలక్షేపంగా ఉంటుందని పండక్కి వచ్చినప్పుడు పాత టీవీ తీసేసి 43 అంగుళాల స్మార్ట్ టీవీ, దాని కింద సౌండ్‌బార్ పెట్టించి పోయినాడు. కొన్నాళ్లకు నాకు ఫోన్ చేసి, "అన్నా, అమ్మ టీవీ రావట్లేదంట, ఒకసారి పోయి చూడు" అన్నాడు. పోయి చూస్తే టీవీ వెలుగుతోంది. తెర మీద 'నో సిగ్నల్' అని అటూ ఇటూ తిరుగుతోంది. అవ్వ మంచం మీద నాలుగు రిమోట్లు వరసగా పెట్టుకుని కూర్చుంది. టీవీది ఒకటి, బాక్సుది ఒకటి, సౌండ్‌బార్‌ది ఒకటి. నాలుగోది తీసేసిన పాత టీవీది. "అదెందుకవ్వా?" అంటే, "యాదానికి పనికొస్తాదో ఎవురికి తెలుసు నాయనా" అంది.

"రెండు ఎర్ర బటన్లూ నొక్కుతా. ఇది వస్తే అది పోతాది. మళ్లీ నొక్కితే అది వస్తాది, ఇది పోతాది" అని కూడా చెప్పింది. నాకు తెలిసిన మెకానిక్కులెవరూ ఇంతకన్నా సరిగ్గా లోపం చెప్పలేరు. నిజంగా జరిగింది అదే. ఆన్ చేయడానికీ ఆఫ్ చేయడానికీ ఉండేది ఒకే ఎర్ర బటన్, అది పంపేది ఒకే కోడ్. రాత్రి పడుకునే ముందు అవ్వ టీవీ మాత్రం ఆఫ్ చేసింది, బాక్స్ ఆన్‌లోనే ఉండిపోయింది. పొద్దున రెండూ నొక్కింది. టీవీ ఆన్ అయింది, బాక్స్ ఆఫ్ అయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు రెండూ నొక్కినా ఒకటి మేలుకుంటే ఇంకొకటి పడుకుంటుంది. కొడుకు ఫోన్లో "సోర్స్ నొక్కమ్మా, సోర్స్" అని చెప్పేసరికి, అవ్వ నొక్కిన నొక్కుడుకు టీవీ ఏ వైరూ లేని రెండో హెచ్‌డీఎంఐ పోర్టు మీదికి పోయి కూర్చుంది. సోర్స్ అంటే ఏ పోర్టు నుంచి బొమ్మ తీసుకోవాలో టీవీకి చెప్పే బటన్, హెచ్‌డీఎంఐ అంటే బొమ్మ, శబ్దం రెండూ ఒకే వైరులో వచ్చే పోర్టు. ఇక బాక్స్ ఆన్ చేసినా బొమ్మ రాదు. రోజూ మధ్యాహ్నం ఎస్వీబీసీలో స్వామివారి కల్యాణోత్సవం చూడడం ఆమెకు అలవాటు. పాపం, ఆ భాగ్యం కూడా లేకుండా పోయింది.

మిగతా రిమోట్ కష్టాలకూ మూలం ఇక్కడే ఉంది. రిమోట్ ముందు ఉండే చిన్న బల్బు మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురును పంపుతుంది. మామూలుగా సెకనుకు 38 వేల సార్లు మినుకుతూ, మధ్యమధ్యలో ఆగుతూ, ఆ ఆగడాల్లోనే కోడ్ పంపుతుంది. ఏ కంపెనీ కోడ్ ఆ కంపెనీది. బాక్స్ రిమోట్ మాట టీవీకి అర్థం కాదు, టీవీ రిమోట్ మాట సౌండ్‌బార్‌కు అర్థం కాదు. ఎవరికి వారే యమునా తీరే. పైగా కోడ్ అందిందో లేదో, అవతల వస్తువు ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో రిమోట్‌కు తెలిసే దారి లేదు. అది చెప్పడమే గానీ వినడం ఉండదు.

రిమోట్ చెడిందని కొత్తది కొనేముందు ఒక్క పని చేయండి. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ ముందు భాగం దానికి చూపిస్తూ బటన్ నొక్కండి. ఫోన్ తెర మీద ఊదా రంగులోనో తెల్లగానో వెలుగు మిణుకుమంటే రిమోట్ బాగానే ఉన్నట్టు. కొత్త స్మార్ట్ టీవీల రిమోట్లు కొన్ని బ్లూటూత్ మీద నడుస్తాయి. వాటిలో చాలా బటన్లకు ఈ వెలుగు కనిపించదు. అలాంటి రిమోట్ పోతే ఆ టీవీకి సరిపోయే బ్లూటూత్ రిమోట్ తెచ్చి టీవీకి జత చేయాలి. ఊరికే బ్యాటరీలు వేస్తే పలకదు.

ఇక ఆ అవ్వ ఇంట్లో చేసిన పని చెబుతాను. బాక్స్‌ను టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు మూడు పిన్నుల పాత వైరుతో కలిపి పోయినారు. అంత పెద్ద తెర మీద బొమ్మ అలికినట్టు కనిపిస్తోంది. దాన్ని తీసి హెచ్‌డీఎంఐ వైరు వేశాను. ఈ వైరులో మొత్తం 19 పిన్నులు ఉంటాయి. అందులో 13వ పిన్ను బొమ్మ కోసం పెట్టింది కాదు, కలిపిన వస్తువులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పెట్టింది. దాన్ని సీఈసీ అంటారు. టీవీ మెనూలో వెతికితే ఆ పేరుతో కనిపించకపోవచ్చు. శామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. ఒకే పనికి ఇన్ని పేర్లు పెడితే కొన్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? అవ్వ టీవీలో అది ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి, సౌండ్‌బార్ వైరును ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోకి, అంటే టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కు పంపే పోర్టులోకి మార్చాను. దాంతో టీవీ ఆన్ చేస్తే సౌండ్‌బార్ దానంతటదే లేస్తుంది. టీవీ వాల్యూమ్ పెంచితే సౌండ్‌బార్‌లో పెరుగుతుంది. సౌండ్‌బార్ రిమోట్‌తో ఇక పని లేదు.

మిగిలింది బాక్స్, టీవీ. ఆ బాక్సుకు సీఈసీ లేదు. మన దగ్గర కేబుల్ వాళ్లు ఇచ్చే బాక్సులు చాలావరకు ఇంతే. కానీ ఆ బాక్స్ రిమోట్ మీద ఒక మూల 'టీవీ' అని గీత గీసి కొన్ని బటన్లు ఉన్నాయి. మీ ఇంట్లో రిమోట్ తీసి చూడండి, చాలా రిమోట్లకు ఉంటాయి. వాటికి టీవీ కోడ్ నేర్పించవచ్చు. సెట్ బటన్ నొక్కిపట్టుకుంటే చిన్న లైటు వెలుగుతుంది. రెండు రిమోట్లనూ ఎదురెదురుగా, అంగుళం రెండంగుళాల దూరంలో పెట్టాలి. బాక్స్ రిమోట్‌లో నేర్పాల్సిన బటన్ ఒకసారి నొక్కి, టీవీ రిమోట్‌లో అదే పని చేసే బటన్ నొక్కాలి. లైటు మిణుకుమంటే నేర్చుకున్నట్టు. మళ్లీ సెట్ నొక్కితే అయిపోతుంది. బాక్సును బట్టి నొక్కే వరసలో కాస్త తేడా ఉంటుంది. టీవీ పవర్, వాల్యూమ్ నేర్పించాను. బాక్స్ ఎర్ర బటన్ మీద, సోర్స్ బటన్ మీద మందపాటి టేపు అంటించాను. ఇప్పుడు అవ్వ చేతిలో ఒకే రిమోట్. మిగతావి బీరువాలో పెట్టించాను, పారేయొద్దని గట్టిగా చెప్పి.

బాక్స్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటే కరెంటు కాలదా అని అడిగేవాళ్లుంటారు. కాలుతుంది. పది వాట్ల బాక్స్ రాత్రీపగలూ ఆన్‌లో ఉంటే నెలకు ఏడు యూనిట్లు. అది దండగ అనుకుంటే పడుకునే ముందు గోడ స్విచ్ ఆపుకోవచ్చు.

1956లో అమెరికాలో జెనిత్ కంపెనీకి రాబర్ట్ అడ్లర్ అనే ఇంజనీరు తయారుచేసిన రిమోట్‌లో బ్యాటరీయే ఉండేది కాదు. బటన్ నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది. ఆ మోత మనిషి చెవికి అందదు, టీవీకి అందుతుంది. దానికి ఉన్నవి నాలుగే బటన్లు. మా అవ్వకు కావలసినవీ దాదాపు అంతే: ఆన్, సౌండ్, చానల్. ఇప్పటి రిమోట్ మీద నలభై యాభై బటన్లు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, చత్వారం వచ్చిన కళ్లకు అవి చీమల బారు.

ఫోన్‌లోనే రిమోట్ యాప్ వేసుకోమని షాపుల్లో సలహా ఇస్తున్నారు. ఇంట్లో వైఫై ఉన్న కుర్రవాళ్లకు అది బాగానే ఉంటుంది. బటన్ ఫోన్ వాడే అవ్వకు ఆ మాట చెప్పి ఏం లాభం?

బ్యాటరీల విషయంలో మాత్రం తల్లిదండ్రులను గట్టిగా హెచ్చరించాలి. సౌండ్‌బార్ల చిన్న రిమోట్లలో రూపాయి బిళ్లలా గుండ్రంగా ఉండే సెల్ ఉంటుంది, సీఆర్ 2025 అని రాసి ఉంటుంది. పసిపిల్లలు దాన్ని నోట్లో వేసుకుని మింగితే ఆహారనాళంలో ఇరుక్కోవచ్చు. ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిన గాయం మొదలవుతుంది. అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకుండా, అరటిపండ్లు తినిపిస్తూ కూర్చోకుండా, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. వాడని రిమోట్ల నుంచి సెల్స్ తీసేసి పిల్లలకు అందని చోట పెట్టండి. మామూలు పెన్సిల్ సెల్స్ కూడా ఏళ్ల తరబడి వదిలేస్తే కారిపోయి లోపలి స్ప్రింగులను తినేస్తాయి. నా దగ్గరికి వచ్చే చెడిపోయిన రిమోట్లలో సగానికి పైగా ఇవే. కొత్త సెల్ ఒకటి, పాత సెల్ ఒకటి కలిపి వేయకండి.

ఇప్పుడు అసలు మాట. టీవీ బిగించడానికి వచ్చే పిల్లలను నేను తప్పు పట్టను. వాళ్లకు ఇంటికి ఇంత అని కూలి. ఒకచోట గోడకు తగిలించి, బొమ్మ చూపించి, ఇంకోచోటికి పరుగెత్తాలి. కేబుల్ అబ్బాయికి బాక్సుతోనే పని, టీవీ ఊసు అక్కర్లేదు. సౌండ్‌బార్ ఆన్‌లైన్లో తెప్పించుకుంటే బిగించే మనిషే ఉండడు. మూడింటినీ కలిపే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది, అది పోయి ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలమ్మ మీద పడింది. నేను చేసిన పని మొత్తానికి అరగంట కూడా పట్టదు. ఆ అరగంటకు షాపు యజమాని, కేబుల్ ఆపరేటర్ కూలి కట్టి ఇవ్వాలి. రిమోట్లు కలిపి, ఇంట్లో పెద్దవాళ్ల చేత ఒకసారి ఆన్ చేయించి, ఆఫ్ చేయించి, అప్పుడు సంతకం తీసుకోవాలి. ఏ వైరు ఏ పోర్టులో ఉందో తెలుగులో ఒక కాగితం రాసి టీవీ వెనకాల అంటించాలి. సోర్స్ బటన్ నొక్కడానికి ఇంటికి పోయి జనం దగ్గర డబ్బు తీసుకోవడం నాకు మనసొప్పదు. నా పొట్ట మీద నేనే కొట్టుకుంటున్నానని తోటి మెకానిక్కులు అనుకున్నా ఫర్వాలేదు.

పైవాళ్లు చేయాల్సిందీ ఉంది. ఏ సంస్థ ప్రసారానికైనా పనికొచ్చే సెట్‌టాప్ బాక్సులు ఉండాలని 2020 ఏప్రిల్‌లో టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కేంద్రానికి సిఫార్సు చేసింది. డిష్ నుంచి వచ్చే చానళ్లను పట్టే ఉపగ్రహ ట్యూనర్ టీవీలోనే ఉండేలా 2023 జనవరిలో వస్తువుల నాణ్యతా ప్రమాణాలు నిర్ణయించే బీఐఎస్ ప్రమాణాలు ప్రకటించింది. అలాంటి టీవీకి డిష్ వైరు నేరుగా తగిలిస్తే దూరదర్శన్ ఫ్రీ డిష్ చానళ్లు బాక్స్ లేకుండానే వస్తాయి, రిమోట్ కూడా ఒకటే. శింగనమల, బుక్కరాయసముద్రం వైపు పల్లెల్లో ఫ్రీ డిష్ మీదే ఆధారపడిన ఇళ్లకు అది ఎంత మేలు! ఈ టీవీలు మన షాపుల్లో అడిగితే దొరికేలా చూడాలి. నియమాలు రాసేటప్పుడు, ప్రతి బాక్సుకూ సీఈసీ ఉండాలని, అది ఆన్ చేసే ఇవ్వాలని కూడా ఒక వాక్యం చేర్చాలి.

బెంగళూరు, హైదరాబాదులో ఉంటూ ఇక్కడి అమ్మానాన్నలకు టీవీ కొనిచ్చే పిల్లలకు ఒక మనవి. డబ్బు కట్టకముందే షాపులో, "రిమోట్లు కలిపి ఇస్తారా?" అని అడగండి. ఇస్తామంటే బిల్లు వెనక రాయించుకోండి. పాతూరు చుట్టుపక్కల వాళ్లు ఇప్పటికే ఇబ్బంది పడుతుంటే టీవీ మోయాల్సిన పని లేదు. ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ ఒక సంచిలో వేసుకుని, టీవీ వెనక పోర్టులు కనిపించేలా, మోడల్ నంబరు కనిపించేలా ఫోటోలు తీసుకుని మా షాపుకు రండి. నేర్పించదగ్గ రిమోట్ ఉంటే అక్కడికక్కడే నేర్పించి పంపుతాను. దానికి నేను డబ్బు తీసుకోను. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు మూసి ఉంటుంది.

ఇట్లు,
ఒక టీవీ మెకానిక్,
పాతూరు, అనంతపురం