జాబ్‌కార్డులో మేం చెప్పిన మాటే రాయండి

సంపాదకులకు నమస్కారం.

నేను కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేరి అక్కడే రిటైరైనవాణ్ణి. రిటైర్మెంట్ డబ్బులో కొంత తీసి మూడేళ్ల కిందట దసరాకు ఎనిమిదిన్నర లక్షలు పెట్టి పెట్రోలు కారు కొన్నాను. మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అక్కడితో వారంటీ సరి. మా బండి తిరిగింది 27 వేలే. హనుమకొండ బజారు, జనగామలో కూతురి ఇల్లు, ఏడాదికోసారి భద్రాచలం. అందుకే నాకు కిలోమీటర్ల బెంగ లేదు, తేదీ బెంగే. ఆ తేదీకి ఇంకా 19 రోజులుంది.

మోత మొదలైంది సంక్రాంతి చలిలో. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున స్టార్ట్ చేస్తే, రేకు డబ్బాలో చింతగింజలు పోసి ఊపినట్టు గలగలమంటుంది. మూడు సెకన్లు, మహా అయితే నాలుగు. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు ఉంటుంది. "మీకు తోడు దొరికింది, లేవగానే ఇదీ దగ్గుతోంది" అంది మా ఆవిడ. నవ్వుకున్నాం. ఉగాది దాటి ఎండలు ముదిరినా దగ్గు పోలేదు సరికదా, ఇంకో సెకను పెరిగింది. ఒకరోజు బోనెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్ ముందు కవరుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, మా అబ్బాయిని తాళం తిప్పమన్నాను. మోత టైమింగ్ చైన్ వైపు నుంచే, అంటే వాల్వులు వేళకు తెరుచుకుని మూసుకునేలా తిప్పే గొలుసు వైపు నుంచే.

ఆ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచేది టెన్షనర్. అది ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. రాత్రి ఆయిల్ కిందికి దిగిపోయి, టెన్షనర్ నీరసించి ఉంటే, పొద్దున ప్రెషర్ వచ్చేదాకా చైన్ వదులుగా ఆడి గైడ్లకు కొట్టుకుంటుంది. ఎప్పుడో ఒకసారి అయితే ఫరవాలేదు. రోజూ అదే పని అయితే చైన్ ఏదో ఒకనాడు పన్ను జారుతుంది, వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి. ఇక ఇంజిన్ విప్పాల్సిందే. చైన్‌కు లేని టెన్షన్ నాకు పట్టుకుంది. అయితే నేను చూసింది 16 సిలిండర్ల ఆల్కో రైలు ఇంజిన్లను. ఈ బుల్లి ఇంజిన్ సంగతిలో పొరబడి ఉండొచ్చు. అందుకే సర్వీస్ సెంటర్‌కు పోయాను.

అది మా ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి ఇంజిన్ వేడెక్కి బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది. "అంకుల్, నార్మల్ సౌండే, ఈ మోడల్‌కు అంతే" అన్నాడు సర్వీస్ అడ్వైజర్. చిన్న కుర్రాడు, చెడ్డవాడు కాదు. అతని వెనక ఇరవై బండ్లు క్యూలో ఉన్నాయి. అలా మూడుసార్లు తిరిగాను. మూడోసారి ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని మూడు జాబ్‌కార్డులూ, అంటే బండి ఇచ్చినప్పుడల్లా మన ఫిర్యాదు, వాళ్లు చేసిన పని రాసే కాగితాలు, వరసగా పరిచి చదివాను. ఒకదాంట్లో 'జనరల్ చెకప్'. రెండోదాంట్లో ఆయిల్ మార్చినట్టు. మూడోదాంట్లో 'నాయిస్ చెక్డ్, ఓకే'. పొద్దున అనిగానీ, మొదటి స్టార్ట్ అనిగానీ ఎక్కడా ఒక్క ముక్క లేదు. కింద నా సంతకాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.

మా షెడ్డులో ఇలా నడిచేది కాదు. లోకో పైలట్ లాగ్‌బుక్కులో 'నాలుగో నాచ్‌లో వణుకు' అని బుక్ చేస్తే (నాచ్ అంటే ఇంజిన్ జోరు పెంచే హ్యాండిల్ మెట్టు), మేం ఇంజిన్‌ను నాలుగో నాచ్‌లో పెట్టి చూడాల్సిందే. వణుకు దొరక్కపోయినా ఆయన రాసింది కొట్టేయలేం. ఏం చూశామో, ఏం చేశామో దాని ఎదురుగా రాసి సంతకం పెట్టేవాళ్లం. 2,600 హార్స్‌పవర్ ఇంజిన్‌కు దక్కే ఆ పాటి మర్యాద, సొంత డబ్బు పోసి కొన్న కారుకు దక్కదా?

నాలుగోసారి బండిని రాత్రికి అక్కడే వదిలాను. పొద్దున నేనొచ్చేదాకా తాళం ముట్టుకోవద్దని చెప్పి మరీ వచ్చాను. ఏడున్నరకు వెళితే బోనెట్ మీద రాత్రి వాన ఇంకా బొట్లు బొట్లుగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. ఫోన్‌లో వీడియో పెట్టి ముందు కిలోమీటర్ల మీటరు తీశాను. ఫ్లోర్ ఇన్‌ఛార్జి తాళం తిప్పాడు. గలగల. అతను వెంటనే ఆపేశాడు. మా కుర్రాడు అడ్వైజర్ నా వంక చూసి మొదటిసారి అంకుల్ అనకుండా "సార్" అన్నాడు.

అక్కడితో అయిపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. పార్టుకు కంపెనీ అప్రూవల్ రావాలట, మూడు నాలుగు వారాలట. ఈలోపు వారంటీ అయిపోతే? "చూద్దాం సార్, గుడ్‌విల్ కింద పెడదాం." అంటే వారంటీ లేకున్నా కంపెనీ దయతలచి ఇస్తే ఇచ్చినట్టు. అదే నోటితో ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమన్నాడు! వాళ్ల చెవులతో వాళ్లే విన్న మోతకు నేను మళ్లీ డబ్బు కట్టాలన్నమాట.

మా పాత సహోద్యోగి కూతురు లాయరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయొచ్చని, నా కారు ధరకు ఫీజు 200 రూపాయలేనని, సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలని చెప్పింది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోమంది. అన్నీ చెప్పి చివర్లో "జాబ్‌కార్డుల్లో ఏముంది అంకుల్?" అని అడిగింది. నా నోట మాట రాలేదు.

అందుకే ఈసారి అర పేజీ నా చేత్తో రాసి, పాత మూడు తేదీలూ వేసి, రెండు కాపీలు తీసుకెళ్లాను. ఒకదాని మీద 'అందింది' అని తేదీతో స్టాంపు వేయడానికి ఇరవై నిమిషాలు లోపలికీ బయటికీ తిరిగారు. చివరికి వేశారు.

కార్ల కంపెనీలను, వినియోగదారుల వ్యవహారాల శాఖను నేను అడిగేది కొంచెమే. కస్టమర్ చెప్పిన మాటను చెప్పినట్టే జాబ్‌కార్డులో రాయించండి. చల్లటి ఇంజిన్ మోతను చల్లటి ఇంజిన్ మీదే వినండి. వారంటీలో ఉండగా చెప్పిన లోపాన్ని, పార్టు ఎప్పుడొచ్చినా, వారంటీలోనే బాగుచేయాలని వారంటీ పుస్తకంలో అచ్చు వేయించండి.

పార్టు బయల్దేరిందని నిన్న ఫోన్ వచ్చింది. ఎక్కడి నుంచి అని అడిగితే కనుక్కుని చెప్తానన్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
కాజీపేట, హనుమకొండ జిల్లా