అమ్మలూ, మెరైన్ బయాలజీ గురించి నాన్న రాస్తున్నాడు

అమ్మలూ,

ఆదివారం ఫోన్లో అమ్మతో చెప్పావంట కదా, నీట్ లాంగ్ టర్మ్ నాకొద్దు, మెరైన్ బయాలజీ చదువుతా అని. అమ్మ ఆ రోజంతా ఏం మాట్లాడలేదు, రాత్రి అన్నం దగ్గర మాత్రం "సముద్రం చూడ్డానికి చదువెందుకు, మేడెక్కితే కనిపిస్తది కదా" అంది. నాకు నవ్వొచ్చింది గానీ ఆ టైంలో నవ్వితే బాగోదని ఊరుకున్నా. మీ వార్డెన్ ఇచ్చే పది నిమిషాల ఫోన్లో ఇవన్నీ తేలవు, అందుకే రాస్తున్నా. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

నేనేం వద్దనట్లేదు, ముందే చెప్తున్నా. కాకపోతే నువ్వు అక్కకి పంపిన రీల్స్ అది నాక్కూడా చూపించింది, డాల్ఫిన్ పక్కన ఈత కొట్టే అమ్మాయి, చేత్తో తాబేలుని పట్టుకుని నవ్వే అబ్బాయి. అది ఉద్యోగం కాదమ్మా. డాల్ఫిన్ షోలకి పర్మిషన్ ఇవ్వొద్దని మన దేశంలో 2013లోనే చెప్పేశారు, ఇక తాబేలంటావా, అది వైల్డ్ లైఫ్ చట్టంలో షెడ్యూల్ 1లో ఉంది, ఊరికే పట్టుకుని ఫోటో దిగితే కేసవుద్ది.

అసలు పని ఎలా ఉంటదో నేను హార్బర్లో రోజూ చూస్తున్నా. తెల్లారకుండానే వేలంపాట మొదలవుద్ది కదా, బుట్టలు బోర్లిస్తారు, అరుపులు, ఐసు నీళ్ళు, కాళ్ళ కింద జారుడు, ఆ గోలలో సీఎంఎఫ్ఆర్ఐ, అంటే సముద్రపు చేపల మీద రీసెర్చ్ చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, దాని మనిషి ఒకతను వస్తాడు. వచ్చి అన్ని బోట్లూ చూడడు, కొన్నే ఎంచుకుంటాడు. సరంగుని అడుగుతాడు, ఎన్ని రోజులయింది వెళ్ళి, ఎంత లోతులో వలేశారు, రోజుకి ఎన్నిసార్లు లాగారు అని. తర్వాత ఒక బుట్టలోంచి కొన్ని కానాగంత చేపలు తీసుకుని స్కేలు బోర్డు మీద ఒక్కోటీ పడుకోబెట్టి మూతి కొస నుంచి తోక దాకా కొలిచి రాసుకుంటాడు. కొన్నిటిని ల్యాబ్‌కి పట్టుకెళ్తారు, అక్కడ కడుపు కోసి గుడ్లు ఎంతవరకు తయారయ్యాయో చూస్తారు, పొట్టలో ఏం తిందో చూస్తారు, తలలో చెవి దగ్గర చిన్న తెల్ల రాయి ఉంటది, దాన్ని తీసి అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు మాను కోసినప్పుడు కనపడే వలయాల్లాగా పొరలు కనిపిస్తాయంట, అవి లెక్కపెట్టి వయసు చెప్తారు. ఇదీ మెరైన్ బయాలజీ అంటే. కంపు ఉంటది, ఓపిక కావాలి, రాసిందే రాయాలి. నాలుగు నెలలు కొలిస్తే ఏమీ తెలీదు, నాలుగేళ్ళు కొలిస్తే ఏదో తెలుస్తది.

మరి దాని వల్ల ఏం ఉపయోగం అంటావేమో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో 61 రోజులు మర పడవల వేట ఆపేస్తారు కదా, ఆ రెండు నెలలు మన ఇంట్లో ఖర్చు ఎలా లాగుతామో నీకు తెలుసు. అది చేపలు గుడ్లు పెట్టే టైం అంటారు. మరి ఏ చేప ఏ నెలలో గుడ్లు పెడతదో దేవుడొచ్చి చెప్పలేదు, ఎవరో ఏళ్ళ తరబడి కడుపులు కోసి చూసి రాస్తేనే తెలిసింది. ఆ తేదీలు సరైనవా కాదా అని మన హార్బర్లో ఇప్పటికీ గొడవలే, బోటు ఓనర్లది ఒక మాట, తెప్పల వాళ్ళది ఒక మాట. రేపు నువ్వు ఆ మాటల మధ్యలో కూర్చుంటే నీ నోట్‌బుక్‌లో అంకెలు ఉండాలి, లేకపోతే నీ మాట ఎవడూ వినడు.

అందుకే నీకు గట్టిగా చెప్పేది ఒకటే, లెక్కలు వదలకు. బైపీసీ తీసుకున్నావు కాబట్టి మ్యాథ్స్ పీడ వదిలింది అనుకుంటున్నావు, నాకు తెలుసు, టెన్త్ రిజల్ట్ రోజు ఆ పుస్తకాలన్నీ కట్టగట్టి అటక మీద పడేశావు. ఇందాక చెప్పిన మనిషి కొన్ని బోట్లే చూసి మొత్తం తీరం అంతా ఎన్ని టన్నులు పడిందో ఎలా అంచనా వేస్తారనుకున్నావు? అదంతా స్టాటిస్టిక్సే, ఏ రోజు ఏ రేవుకి వెళ్ళాలి, ఏ బోటు చూడాలి అనేది కూడా ఒక పద్ధతి ప్రకారం లాటరీ తీసినట్టే ఎంచుతారు. సగటు, స్టాండర్డ్ డీవియేషన్, గ్రాఫులు, ఇవి ఇంటర్ అయ్యాక సెలవుల్లో మొదలుపెట్టు. ఆర్ అని ఒక ప్రోగ్రాం ఉందంట, ఫ్రీగా దొరుకుద్ది, రీసెర్చ్ వాళ్ళంతా అదే వాడతారని మా ఓనరు గారి అబ్బాయి చెప్పాడు, అక్క పాత ల్యాప్‌టాప్‌లో అది నడుస్తది.

ఇప్పుడు సీట్ల సంగతి. నేను కనుక్కున్నంతలో రెండు దార్లు ఉన్నాయి, రెండూ ఒకటి కాదు, ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఒకటి బీఎఫ్ఎస్సీ, అంటే ఫిషరీస్ డిగ్రీ, నాలుగేళ్ళు. ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో వస్తది, నెల్లూరు దగ్గర ముత్తుకూరులో కాలేజీ ఉంది, నరసాపురంలో ఫిషరీస్ యూనివర్సిటీ పెట్టారు. ఇది చదివితే ఎంఎఫ్ఎస్సీకి, అంటే ఫిషరీస్ పీజీకి, ముంబైలో సీఐఎఫ్ఈ అనే ఫిషరీస్ చదువుల సంస్థకి ఎంట్రన్స్ రాయొచ్చు, మన ఫిషరీస్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగాలకి, ఐకార్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) సైంటిస్టు పరీక్షకి ఇదే మంచి దారి. రెండోది మామూలు బీఎస్సీ జువాలజీ చేసి, తర్వాత ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ. అది కొచ్చిన్‌లో కుశాట్ అనే యూనివర్సిటీలో ఉంది, తమిళనాడులో పరంగిపేట అని సముద్రం ఒడ్డునే అన్నామలై యూనివర్సిటీ వాళ్ళ సెంటర్ ఉంది, పాండిచ్చేరి యూనివర్సిటీ వాళ్ళది అయితే ఏకంగా అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయ పురం అంటున్నారు) ఉంది. మన ఊళ్ళోనే ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ డిపార్ట్‌మెంట్ ఉండనే ఉంది. ఈ దారిలో వెళ్తే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి గోవాలో ఎన్ఐఓ (సముద్ర పరిశోధన సంస్థ), కొచ్చిన్‌లో సీఎంఎల్ఆర్ఈ (సముద్ర జీవుల మీద రీసెర్చ్ చేసే కేంద్రం), జువలాజికల్ సర్వే ఇలాంటి చోట్లకి వెళ్ళొచ్చు. జువాలజీ చేసి తర్వాత ఎంఎఫ్ఎస్సీకి మారతానంటే చాలా సబ్జెక్టులకి తీసుకోరు, బీఎఫ్ఎస్సీ ఉండాలంటారు. బీఎఫ్ఎస్సీ వాళ్ళు మెరైన్ బయాలజీ వైపు వెళ్ళడం కాస్త సులువు. నన్నడిగితే ముందు బీఎఫ్ఎస్సీకే ట్రై చెయ్, గవర్నమెంట్ సీటు అయితే ఫీజు మనం కట్టగలం, డిగ్రీతోనే ఏదో ఒక పని దొరుకుద్ది. రాకపోతే జువాలజీ, అదేం తక్కువ కాదు.

నీట్ కూడా రాయి, ఎలాగూ ఫీజు కట్టేశాం, చదివేది అదే బయాలజీ కాబట్టి ఈఏపీసెట్‌కీ పనికొస్తది. మార్కులు రాకపోతే మాత్రం అత్త వాళ్ళు ఏదో అన్నారని లాంగ్ టర్మ్‌లో చేర్పించి ఏడాది పోగొట్టను, ఆ మాట నేను ఇస్తున్నా.

ఎంత కాలం పడతది అనేది కూడా తెలుసుకో. డిగ్రీ నాలుగేళ్ళు, పీజీ రెండేళ్ళు, సైంటిస్టు అవ్వాలంటే పీహెచ్‌డీ, అదో ఐదేళ్ళు వేసుకో. నెట్‌లో మంచి ర్యాంకుకి ఇచ్చే జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకి 37,000 ఇస్తారు, రెండేళ్ళ తర్వాత 42,000 అవుద్ది, దానిపైన ఇంటద్దె. అంటే చదువుతూనే నీ ఖర్చు నువ్వు చూసుకుంటావు. ఆ తర్వాత పర్మనెంట్ పోస్టులు తక్కువ, ప్రాజెక్టుల్లో ఏడాది, రెండేళ్ళు అని కాంట్రాక్టు మీద తిరిగేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇది దాచిపెట్టి నిన్ను పంపడం నాకిష్టం లేదు. ఇంకో పక్క మన రాష్ట్రం రొయ్యల్లో దేశంలోనే ఫస్టు, భీమిలి నుంచి నెల్లూరు దాకా తీరం అంతా వనామీ రకం రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలు, అక్కడ నీళ్ళు టెస్టు చేసేవాళ్ళు, రొయ్య పిల్లకి జబ్బు ఉందో లేదో పీసీఆర్ టెస్టు చేసేవాళ్ళు, పిల్లల మేతకి ఆల్గే పెంచేవాళ్ళు ఎప్పుడూ కావాలి. కొంతమంది అది సైన్సు కాదన్నట్టు మాట్లాడతారు. ఒక ట్యాంకులో పిల్ల అంతా ఒక్క రాత్రిలో చచ్చిపోతే ఎందుకు చచ్చిందో చెప్పగలిగినోడే నా దృష్టిలో సైంటిస్టు.

ఇంకొకటి, డబ్బు కట్టి విదేశాల్లో రెండు వారాలు పగడపు దిబ్బల దగ్గర వాలంటీర్ అని ప్యాకేజీలు వస్తాయి ఇన్‌స్టాలో, వాటి జోలికి పోకు. బయటికి వెళ్ళాలనుంటే డిగ్రీ అయ్యాక యూరప్ వాళ్ళ ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్పులు ఉన్నాయి, అందులో మెరైన్ బయాలజీ కోర్సు కూడా ఉంది, వాళ్ళే డబ్బులిచ్చి చదివిస్తారు. అప్పటి మాట అప్పుడు చూద్దాం.

ఇప్పుడు నువ్వు చేయగలిగింది చెప్తా, ఇది నాకు బాగా తెలిసిన విషయం. సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు అమావాస్య, పౌర్ణమి దగ్గర రోజులు చూసుకుని పాటు టైంకి తెన్నేటి పార్క్ కింద రాళ్ళ దగ్గరికి వెళ్దాం. నీళ్ళు బాగా వెనక్కి పోయినప్పుడు ఆ గుంటల్లో ఎంత ఉంటదో చూస్తే ఆశ్చర్యపోతావు, సీ అనిమోన్లు, సన్యాసి పీతలు, వేలెడంత చేపలు, నల్లగా ముళ్ళుండే అర్చిన్లు. మన వెల్డింగ్ షాపులో అడుగు బై అడుగు ఇనుప ఫ్రేము ఒకటి చేయిస్తా, అది రాయి మీద పెట్టి లోపల ఉన్న గుల్లలు లెక్కపెట్టి రాయి, ఫోటో తియ్, మళ్ళీ వచ్చినప్పుడు సరిగ్గా అదే రాయి మీద అదే చోట. ఫోటోలు ఐనేచురలిస్ట్ యాప్‌లో పెడితే తెలిసినవాళ్ళు పేరు చెప్తారు. రాయి తిరగేస్తే మళ్ళీ అలాగే పెట్టేయాలి, కింద బతికేవాటికి ఎండ తగిలితే చచ్చిపోతాయి.

చేపల పేర్లు సింహాచలం మావయ్యని అడిగి రాసుకో, ఆయన చదువుకోలేదు గానీ చీకట్లో చేత్తో తడిమి ఏ చేపో చెప్తాడు. తెలుగు పేరు పక్కన సైంటిఫిక్ పేరు రాయి. దీన్నేం చిన్నపని అనుకోకు. 1780ల్లో పాట్రిక్ రసెల్ అని కంపెనీ డాక్టరు ఒకాయన విశాఖపట్నంలో ఉండి చేసింది ఇదే, ఇక్కడి చేపలు 200 రకాలు బొమ్మలు వేయించి, మన జాలర్లు ఏమంటారో ఆ పేర్లతో సహా రాసుకుని 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. మన కానాగంతకి సైన్సులో ఇప్పటికీ ఉన్న పేరు రాస్ట్రెల్లిగర్ కనగుర్త, అది ఆయన రాసుకున్న పేరే. ఆయన అడిగిన ఆ జాలరి పేరు మాత్రం ఎక్కడా లేదు. నువ్వు రాసేటప్పుడు మావయ్య పేరు కూడా రాయి.

జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఫారెస్ట్ వాళ్ళు బీచ్‌లో కంచె కట్టి గుడ్లు అందులో పాతిపెడతారు, ఒక గూటిలో వంద దాకా ఉంటాయి, ఇసుక వేడి ఎక్కువుంటే ఆడపిల్లలు, తక్కువుంటే మగపిల్లలు పుడతాయట. ఎండలు ఇలాగే పెరిగితే అన్నీ ఆడవే అవుతాయేమో అని అక్కడి వాచర్ అన్నాడు, నిజంగానే అది పెద్ద రీసెర్చ్ టాపిక్కట. పరీక్షలు అయ్యాక వాలంటీరుగా తీసుకుంటారేమో అడుగుదాం.

ఈత మాత్రం నేర్చుకోవాలి, దీంట్లో మాట లేదు. సముద్రం పక్కన పుట్టి ఈత రాకపోవడం మన ఇంటి పరువు తక్కువ. ముందు పూల్‌లో, తర్వాత చూద్దాం. స్కూబా ఇప్పుడే అక్కర్లేదు, ఖర్చు ఎక్కువ, ఈ ఫీల్డులో సగంమంది ల్యాబుల్లోనే ఉంటారు. అమ్మ భయమల్లా ఆడపిల్ల ఓడెక్కి నెల రోజులు ఎలా ఉంటది అని. ఎన్ఐఓలో పనిచేసిన అదితి పంత్ గారు 1983లోనే అంటార్కిటికా వెళ్ళొచ్చారని చెప్పా, "ఆవిడకి మీలాంటి నాన్న లేడేమో" అంది. ఏం చెప్తాం. కాకపోతే సముద్రం తిప్పుద్ది, అది నీకూ తెలియాలి, కాబట్టి వేసవిలో మావయ్య ఫైబర్ బోటులో, లైఫ్ జాకెట్ వేసి, గాలి లేని రోజు కాస్త దూరం తీసుకెళ్తాడు. కక్కుకుంటే కక్కుకో, మొదటిసారి అందరికీ అంతే.

ఇక అసలు పని. ఈఏపీసెట్ అప్లికేషన్ మీ కాలేజీ వాళ్ళే అందరికీ కలిపి నింపేస్తారు, అందులో అగ్రికల్చర్, ఫార్మసీ స్ట్రీమ్ అని ఉందో లేదో సబ్మిట్ కొట్టేముందు నీ కళ్ళతో చూసుకో, టెన్త్ మెమోలో ఉన్న స్పెల్లింగే ఉండాలి. కులం, ఇన్‌కమ్ సర్టిఫికెట్లకి సచివాలయంలో పెట్టాను, వస్తే ఫోటో తీసి అక్కకి పంపుతా. ఫిజిక్స్ భయం అని ఆ పేపర్ వదిలేయకు, ర్యాంకు అక్కడే పోద్ది. వచ్చే ఆదివారం అమ్మ నిన్ను చూడ్డానికి బస్సులో వస్తది, ఈ విషయం నువ్వు ఎత్తకు, అదే ఎత్తుద్ది, ఎత్తినప్పుడు కోపం తెచ్చుకోకుండా మాట్లాడు. నెత్తళ్ళ వేపుడు తెస్తది, మీ రూమ్‌లో ఆ బ్రాహ్మల అమ్మాయికి ఇబ్బంది అవుద్దేమో, వరండాలో కూర్చుని తిను.

నాన్న